కరెంటు పోయి డాక్ మాయమైనా సిస్టమ్ బిగుసుకుపోవట్లేదు: లైనక్స్ 6.4 హాట్‌ప్లగ్ ఫిక్స్

నల్లగొండలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, థండర్‌బోల్ట్ డాక్‌కి (డిస్క్, మానిటర్ లాంటివి ఒకే కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) లేదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయిందంటే డాక్, దానికున్న ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ) రెండూ ఒక్కసారే మాయం. లైనక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే సిస్టమ్ గుండెకాయ) లెక్కలో అది చెప్పాపెట్టకుండా కార్డు పీకేసినట్టే.

పాత కెర్నల్‌తో ఇదే పెద్ద టెన్షన్. ఒక్కోసారి బాగానే తేరుకునేది, ఒక్కోసారి మాత్రం కరెంటు వచ్చాక కూడా డాక్ కనపడదు, ఆ డిస్క్‌ని ముట్టుకున్న కమాండ్ అక్కడే ఆగిపోతుంది, బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టినా చావదు, లాగ్ నిండా టాస్క్ 120 సెకన్లకు పైగా బ్లాక్ అయిందన్న మెసేజ్‌లే. షట్‌డౌన్ కూడా పూర్తి కాదు, పవర్ బటన్ నొక్కిపట్టాల్సిందే.

రెండు లాక్‌ల దగ్గరే అసలు తిరకాసు. లాక్ అంటే ఒక పని నడుస్తుండగా ఇంకోటి అడ్డం రాకుండా కోడ్ వేసుకునే తాళం. డివైస్ పోగానే హాట్‌ప్లగ్ కోడ్ (సిస్టమ్ నడుస్తుండగానే డివైస్ తగిలించడం, తీయడం చూసుకునేది) రీసెట్ లాక్ పట్టుకుని, డ్రైవర్‌ని విడదీయడానికి డివైస్ లాక్ కోసం ఆగుతుంది. అదే టైమ్‌కి ఎర్రర్ రికవరీ (డివైస్‌ని రీసెట్ చేసి సరిచేసే పని) మొదలైతే అది డివైస్ లాక్ పట్టుకుని రీసెట్ లాక్ కోసం ఆగుతుంది. ఇరుకు గల్లీలో ఎదురెదురుగా వచ్చిన ట్రాక్టర్ల లెక్క, ఇక ఏదీ కదలదు. 2018లో లైనక్స్ 4.19తో వచ్చిన ఈ చిక్కును 2023లో 6.4లో విప్పారు: డ్రైవర్‌ని విడదీసేంతసేపు రీసెట్ లాక్‌ని వదిలేస్తారు, అంతే. మూడో లాక్ ఒకటి తెచ్చిపెట్టకుండా ఉన్నదాన్నే తక్కువసేపు పట్టుకోవడం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు కరెంటు పోతే డీమెస్గ్‌లో (కెర్నల్ లాగ్) ‘లింక్ డౌన్’, ‘కార్డ్ నాట్ ప్రెజెంట్’ అని పడతాయి, డ్రైవర్ తప్పుకుంటుంది, కరెంటు రాగానే డాక్ దానంతటదే వచ్చేస్తుంది. ఇన్ని రోజులుగా ఆ పాత బిగుసుకుపోవడం మళ్లీ రాలేదు.

అయితే ఇది డేటాని కాపాడే ఫిక్స్ కాదు. కాపీ అయిపోయినట్టు కనపడిన ఫైల్ కూడా డిస్క్ మీదికి పోకుండా కొంతసేపు ర్యామ్‌లోనే ఉంటుంది, మామూలు సెట్టింగ్‌లో దాదాపు 30 సెకన్ల దాకా. ఆ లోపు కరెంటు పోతే పోయినట్టే. పాత మౌంట్‌ని (డిస్క్‌ని ఫోల్డర్‌లా తెరిచి ఉంచిన చోటు) ఏదో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే తిరిగొచ్చిన డిస్క్ పేరు కూడా మారిపోతుంది, అందుకే పేరుతో కాకుండా యూయూఐడీతో (మారకుండా ఉండే గుర్తింపు నంబర్) మౌంట్ చేయండి. కెమెరా మెమరీ కార్డు నుంచి ఫుటేజ్ దించాక సింక్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదికి రాయించే కమాండ్) కొట్టకుండా ఆ కార్డు ఫార్మాట్ చేయొద్దు, పెండ్లి మళ్లీ జరగదు కదా.

పాత ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే) కెర్నల్‌లకు కూడా ఈ ఫిక్స్ వెళ్లింది, కాబట్టి వెర్షన్ మార్చడం ఇష్టం లేనివాళ్లు ఉన్న సిరీస్‌లోనే తాజా అప్‌డేట్ వేసుకుంటే సరిపోతుంది.