పల్లీలు ఏరి ఆడించే గానుగ కొట్టు: ఆరు నెలల తర్వాత నా మాట

కూకట్‌పల్లిలో మా వెనక వీధిలో ఒక చిన్న గానుగ కొట్టు ఉంది, ఆరు నెలలుగా మా ఇంట్లో వాడే పల్లీనూనె, నువ్వులనూనె రెండూ అక్కడే ఆడించుకుంటున్నాం. అపార్ట్‌మెంట్‌లో కనీసం పది మంది అడిగారు, అంత డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చా అని. నా వరకూ తెచ్చుకోవచ్చు. కాకపోతే నేను అక్కడికి వెళ్ళేది కట్టె గానుగ కోసం కాదు, వాళ్ళు పల్లీలు ఏరే పద్ధతి చూసి. మిగతా కథంతా దీని గురించే.

అంతకుముందు ఏడాదిపాటు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళం. సీసా మీద గానుగ బొమ్మ, ఎద్దు బొమ్మ, అన్నీ బాగానే ఉండేవి. ఒకసారి వచ్చిన డబ్బా మూత తీయగానే ముక్కిన వాసన. తాలింపు వేస్తే కూర చివర్లో కొంచెం చేదు. ఫోన్ చేసి అడిగితే "నాచురల్ ఆయిల్ మేడం, వాసన అలాగే ఉంటుంది" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది, ఎందుకంటే నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో, చెనక్కాయల మధ్యలో. మంచి నూనె వాసన ఏమిటో, ముక్కిన గింజ వాసన ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు కాయలు ఒలుచుకుని తింటూ చేదు గింజ ఒకటి నోట్లో పడితే ఉమ్మేసి నీళ్ళు పుక్కిలించేదాకా మా అవ్వ ఊరుకునేది కాదు. ఆ డబ్బా మొత్తం పారబోశాను.

అవ్వకు పేరు తెలియదు గానీ ఆ చేదు గింజల్లో ఉండగల ప్రమాదం అఫ్లాటాక్సిన్. పల్లీలకు పట్టే ఒక రకం బూజు తయారుచేసే విషం అది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు వాటికి మేతగా వేసిన పల్లీ పిండిలో ఇది దొరికింది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిపోయిన పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని పెట్టింది. ఇంట్లో వేయించినా మరిగించినా పూర్తిగా పోదు. మా వైపు వానాకాలం పంటలో ఈ బెడద ఎక్కువ, కాయ ఊరే టైంలో వానలు మొహం చాటేస్తే ఎండిన నేలలో కాయకు పగుళ్ళొచ్చి బూజు లోపలికి వెళ్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది ఊరికే కాదు.

ఇక్కడ చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. రిఫైన్డ్ నూనె ఫ్యాక్టరీలో క్షారంతో కడిగి, రంగు తీసి, ఆవిరి పట్టేసరికి ఈ విషం దాదాపు పోతుంది. గానుగలో అవేవీ ఉండవు. గింజలో సువాసన, విటమిన్ ఇ ఎలా నూనెలోకి దిగుతాయో, ముక్కిన గింజలో ఉన్నది కూడా కొంత అలాగే దిగుతుంది. అంటే పుచ్చు పల్లీలతో ఆడించిన గానుగ నూనె కంటే రిఫైన్డ్ ప్యాకెట్టే నయం. ఫ్యాక్టరీ నూనెలో హెక్సేన్ (గింజల్లోంచి నూనె లాగడానికి వాడే రసాయనం) ఉంటుందని భయపడతాం, అది ఆవిరి చేసి తీసేస్తారు, మిగిలేదానికి చట్టంలో పరిమితి కూడా ఉంది. కానీ గానుగ సీసా వెనక ఏ పల్లీలు పోశారో ఎవరు చూశారు?

అందుకే ఈ కొట్టు నాకు నచ్చింది. నడిపేది పాలమూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. పల్లీలు వనపర్తి దగ్గర వాళ్ళ చుట్టాల ఊరి నుంచి తెస్తారు, యాసంగి పంట. నీళ్ళు పెట్టి పండించేది కాబట్టి మా వానాకాలం కాయలకు వచ్చే ఆ చివరి ఎండు దెబ్బ దీనికి తక్కువ. బస్తా విప్పాక ఆమె, ఇంకో పెద్దావిడ కూర్చుని చాటల్లో పోసి ఏరతారు. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పురుగు కొట్టినవి, మొలకెత్తినవి అన్నీ పక్కన బకెట్లో పడాల్సిందే. బస్తా మొత్తంలో విషమంతా కొన్ని చెడ్డ గింజల్లోనే పోగుపడి ఉంటుంది, అవి పోతే చాలావరకు పోయినట్టే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ బకెట్ ఏం చేస్తారని అడిగాను. "పడేస్తమక్కా, గేదెలకు కూడా పెట్టం, పాలల్లకు వస్తది" అంది ఆమె. అది నిజం, పశువు తిన్న అఫ్లాటాక్సిన్ రూపం మారి పాలలో దిగుతుంది. చాట పట్టుకున్న ఆమె నోట ఆ మాట వినగానే నాకు నమ్మకం కుదిరింది.

మనం కొన్న పల్లీలే మన కళ్ళముందు వాయి వేస్తారు. కట్టె రోలు, కట్టె రోకలి, మోటారు ఉన్నా ఎద్దు తిరిగినంత నెమ్మదిగా తిరుగుతుంది. సుమారు గంట పడుతుంది. నూనె గోరువెచ్చగా, మబ్బుగా దిగుతుంది. ఇంటికి తెచ్చి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరి పైన తేరుకుంటుంది. నేను పోయిన నెల 5 కిలోల ఒలిచిన పల్లీ గింజలు ఆడించాను. కిలో 150 చొప్పున 750, ఆడించిన కూలి 100. నూనె 2 లీటర్ల పైన చిల్లర వచ్చింది, నూనె తీయగా మిగిలిన చెక్క దాదాపు 3 కిలోలు, అది వాళ్ళే 100కి తీసుకున్నారు. అంటే లీటరు 370 దాకా పడింది, ప్యాకెట్ నూనెకు రెట్టింపు. నలుగురున్న ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు. మేం సర్దుకున్నది ఎలాగంటే వాడకం తగ్గించాం, నెలకు 4 లీటర్లు అయ్యేది ఇప్పుడు రెండున్నర. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా నూనె తక్కువ వాడమని, ఒకే రకం పట్టుకుని కూర్చోకుండా మార్చి మార్చి వాడమని ఎప్పటినుంచో చెబుతోంది.

నచ్చనివి కూడా చెప్తాను. గోడ మీద పెద్ద బోర్డు: బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయి, కొలెస్ట్రాల్ లేని నూనె అని. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, ప్యాకెట్ దాంట్లో కూడా. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. మా మామయ్యగారు ఆ బోర్డు చదివి షుగర్ మాత్ర ఒక పూట మానేస్తే మేం ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. ఆ మాట కొట్టు నడిపే అన్నకు చెప్పాను, బోర్డు చేసినవాడే అలా రాశాడన్నాడు, ఇంకా తీయలేదు. దీనికి ఒక మార్కు కట్, 5కి 4.

ఇంకోటి, డబ్బా తెచ్చుకోనివాళ్ళకు వెచ్చని నూనె పల్చటి ప్లాస్టిక్ సీసాల్లో పోసి ఇస్తున్నారు. ప్లాస్టిక్ మానుకుందామనే కదా మనలో చాలామంది ఇంత దూరం వచ్చింది. స్టీలు క్యాను తీసుకెళ్ళండి, బాగా ఆరినది, లోపల తడి చుక్క ఉన్నా నూనె త్వరగా పాడవుతుంది. ఇత్తడి, రాగి పాత్రల్లో వద్దు, ఆ లోహాలు తగిలితే నూనె ఇంకా తొందరగా కంపు కొడుతుంది. పొయ్యి పక్కన పెట్టకుండా చీకటి అరలో పెట్టి మూడు నెలల్లోపు వాడేయండి.

వంటకు వస్తే పులిహోర తాలింపుకి, ఇడ్లీ కారప్పొడిలో కలుపుకోవడానికి దీనికి సాటి లేదు, వేడన్నంలో పచ్చడి మీద ఒక చెంచా వేస్తే పిల్లలు మళ్ళీ అడుగుతున్నారు. జంతికలకు మాత్రం పనికిరాలేదు, మూకుడు నిండా నురగ పొంగి పొయ్యి మీదకొచ్చింది, పొగ కూడా త్వరగా వస్తుంది. ఇంట్లో పల్లీ పడనివాళ్ళు ఉంటే ఈ నూనె దగ్గరికి కూడా రానివ్వకండి, వడకట్టినా గింజలోని ప్రోటీన్ కొంత ఇందులో ఉండిపోతుంది.

నువ్వులు వారానికి ఒక్కరోజే ఆడతారు, శుక్రవారం. ఆ తెలగపిండి మాత్రం వాళ్ళకు వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి, మునగాకు వేసి కూర వండుకోవచ్చు. ఆవకాయ సీజన్‌లో తెల్లారేసరికే క్యూ ఉంటుంది, ముందురోజే ఫోన్ చేసి ఎన్ని కిలోలో చెప్పి పెట్టుకుంటే వాళ్ళు ఏరి ఉంచుతారు. అయినా మీరు ఒకసారి చాటలో చెయ్యి పెట్టి చూసుకుని, రెండు గింజలు నోట్లో వేసుకున్నాకే రోట్లో పోయమనండి, వాళ్ళు ఏమీ అనుకోరు.