గార్డియన్ సర్టిఫికెట్ అని నోటరీ కాగితం ఇచ్చాడు. అడ్వాన్స్ కట్టినవాళ్ళు వెంటనే చూసుకోండి

మన పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి, "మీ తర్వాత మీ బిడ్డకి ఎవరు?" అంటూ గంటసేపు మాట్లాడి మనందరినీ ఏడిపించి వెళ్ళినాయన గుర్తున్నాడు కదా. ఆయన గురించే. పేరు రాయక్కర్లేదు, అందరికీ తెలుసు.

నేను 60 వేలు ఇచ్చాను. చీటీ పాడి తెచ్చిన డబ్బు. సంక్రాంతి ముందు మా ఆయనకి స్టెంట్లు వేశారు. అప్పటినుంచి నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆ టెన్షన్‌లో ఉన్నదాన్ని, విల్లు, గార్డియన్ సర్టిఫికెట్, పాలసీ అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ అనగానే సరే అన్నాను. అందులో 8 వేలు విల్లు స్టాంపు పేపర్లకట. విల్లుకి స్టాంపు పేపరే అక్కర్లేదని, తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టినా చెల్లుతుందని నాకు నిన్న తెలిసింది.

మా చిన్నోడికి 22 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్. మా అత్తగారు వాడి పేరున వేసి పోయిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఈ నెల మెచ్యూర్ అయింది. సర్టిఫికెట్ ఉంది కదా అని ధైర్యంగా వాణ్ణి తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. మేనేజర్ రెండుసార్లు తిరగేసి చూసి, "అమ్మా, ఇది 100 రూపాయల స్టాంపు మీద మీరే రాసిచ్చిన అఫిడవిట్. పిల్లాడికి 18 నిండితే కన్నతల్లి అయినా చట్టం ప్రకారం గార్డియన్ కాదు. కలెక్టర్ గారి కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి" అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు. నాకే కాళ్ళలో సత్తువ పోయింది.

బ్యాంకు మెట్ల మీదే కూర్చుని ఆ ప్యాకేజీ అమ్మినాయనకి ఫోన్ చేశాను. ట్రాఫిక్ చప్పుడుకి వినపడక స్పీకర్ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. ఆయన అన్న మాట ఇది: "మేడమ్, ఆ కాగితం ఏదైతే ఏంటి? మీ వాడికేమైనా తెలుస్తుందా? మీరిద్దరూ పోయాక వచ్చి అడిగేవాడెవడు?"

చిన్నోడు పక్కనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఎక్కడికి పోతావు?" అని అడిగాడు. ఇంటికొచ్చేదాకా అదే మాట. రాత్రి అన్నం దగ్గరా అదే. ఇవాళ పొద్దున నేను పాల ప్యాకెట్‌కి గేటు దాకా వెళ్తే చెప్పులు లేకుండా వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. 60 వేలు పోతే పోయాయి, ఈ మాటని వాడి మనసులోంచి ఎలా తీయాలో నాకు తెలియడం లేదు.

రాత్రి విల్లు మళ్ళీ చదివాను. మూడో పేజీలో మా వాడి పేరు ఉండాల్సిన చోట ఎవరో ఆడపిల్ల పేరుంది. ఆమె వైకల్యం ఎంత శాతమో కూడా ఉంది. ఇంకో తల్లి కాగితాన్నే మాకు దించి ఇచ్చాడు. మా కాగితం ఎవరికి వెళ్ళిందో. ఫ్లాటు మొత్తం నేరుగా చిన్నోడి పేరున రాసి, దాన్ని ఎవరు చూడాలో ఎక్కడా రాయలేదు. పాలసీలోనూ నామినీ వాడే. వాడు సంతకం పెట్టలేడు. ఆ డబ్బు వాడికి చేరేదెలా? ఒక ట్రస్టు రాసి, మా అమ్మాయినీ ఇంకొకరినీ ట్రస్టీలుగా పెడితే ఆ డబ్బు వాడి ఖర్చులకే వాడతారని మా తమ్ముడి స్నేహితుడు, లాయరు, పది నిమిషాల్లో చెప్పాడు. సంతకం పెట్టకముందు నేను ఆయన్ని ఎందుకు అడగలేదు? తప్పు నాది కూడా.

గార్డియన్‌షిప్ సంగతీ అంతే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్ళకి 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. కలెక్టరే పెద్ద. గార్డియన్ అయినవాళ్ళు పిల్లల ఆస్తి వివరాలు 6 నెలల్లో ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. సరిగా చూసుకోకపోయినా, డబ్బు తినేసినా తీసేయొచ్చు. "అడిగేవాడెవడు" అన్నాడే, అలా అడగడానికే ఆ చట్టం పెట్టారు. మనం లేనప్పుడు మన పిల్లలకి కావాల్సింది అదే కదా.

డబ్బు కట్టినవాళ్ళు ముందు కాగితం మీద కమిటీ ముద్ర ఉందో లేదో చూసుకోండి. పాలసీ బాండ్ చేతికొచ్చి 30 రోజులు దాటకపోతే కంపెనీకి రాసి రద్దు చేసుకోవచ్చు, నేను ఇవాళే రాశాను. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకీ వికలాంగులకీ అక్కడ లాయరు ఉచితం. సోమవారం నేను అక్కడికీ కలెక్టరేట్‌కీ వెళ్తున్నాను, ఎవరైనా వస్తానంటే కలిసి వెళ్దాం.

మూడో పేజీలో ఉన్న ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. ప్యాకేజీ తీసుకున్న తల్లులు నాకు ఫోన్ చేయండి. ఆ పాప మీ పాపే అయితే ఆ పేజీ మీకే ఇచ్చేస్తాను.