అడాపలీన్ 0.1% జెల్ రివ్యూ - మూడో వారంలోనే ట్యూబ్ పారేసేవాళ్ళు ఒక్కసారి చదవండి

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ తగ్గించిన ఒక్కటీ మొదటి నెల అది పెట్టే మంటకి.

ఈ జెల్ కింద వచ్చే రివ్యూలు చూస్తే ఎక్కువగా ఒకటే గోల, రెండు వారాలు రాశాను మొటిమలు తగ్గలేదు సరికదా ఇంకా ఎక్కువయ్యాయి వేస్ట్ అని. వాళ్ళేమీ అబద్ధం చెప్పట్లేదు, కొంతమందికి మొదట్లో నిజంగానే ఎక్కువవుతాయి. అసలు సంగతేంటంటే ఈ మందు ముఖ్యంగా పనిచేసేది ఇంకా బయటికి రాని మొటిమల మీద. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చింది అనుకుంటాం గానీ లోపల దాని కథ వారాల ముందే మొదలైపోయి ఉంటుంది, వెంట్రుక మొదట్లో ఉండే సన్న గొట్టంలో రాలిపోవాల్సిన చర్మకణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని జిడ్డుతో కలిసి సీసాకి బిరడా పెట్టినట్టు బిగుసుకుపోతాయి, జిడ్డేమో లోపల తయారవుతూనే ఉంటుంది, బయటికి దారి లేదు, ఇక ఆ గాలాడని చోట క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియాకి పండగే. అది అందరి చర్మం మీదా ఉండేదేలెండి, మొహం కడుక్కోక వచ్చింది అని పక్కవాళ్ళు ఇచ్చే ఉచిత సలహాలు పట్టించుకోకండి. దాని మీదకి మన ఒంట్లో రక్షణ వ్యవస్థ ఎగబడితే అప్పుడు వాపు, ఎరుపు, చీము.

అడాపలీన్ రెటినాయిడ్, విటమిన్ ఎ కుటుంబం మందు. కణాలు అలా ముద్దకట్టకుండా సరిగ్గా రాలిపోయేలా చేస్తుంది, వాపు కూడా కొంత తగ్గిస్తుంది. కాబట్టి దీన్ని మొటిమ మీద చుక్కలా పెట్టి లాభం లేదు, మొటిమలొచ్చే ఏరియా మొత్తానికీ రాయాలి, మొహమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు, ఎక్కువ రాస్తే మంటే ఎక్కువవుతుంది గానీ ఫలితం తొందరగా రాదు. మొహం కడిగాక తడి పూర్తిగా ఆరనిచ్చి, రాత్రి పూట, కళ్ళ చుట్టూ, పెదాల మూలలు, ముక్కు పక్క మడతలు వదిలేసి రాయండి. మొదట్లో రోజు విడిచి రోజు. చురచురమంటే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద జెల్ రాసుకోవచ్చు. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. 12 వారాలు వాడాకే తీర్పు చెప్పండి, అంతకు ముందు ఏం చెప్పినా తొందరే.

నాకు నుదురు, గడ్డం మీద బుడిపెల్లాంటి వైట్‌హెడ్స్ బాగా తగ్గాయి, ఎర్రగా నొప్పిగా వచ్చేవాటికి మాత్రం ఇదొక్కటే సరిపోలేదు, పొద్దున పూట బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5% కలిపాకే తేడా కనపడింది. అది రంధ్రంలో ఆక్సిజన్ వదిలి బ్యాక్టీరియాని చంపుతుంది, యాంటీబయాటిక్‌కి అలవాటు పడినట్టు దీనికి బ్యాక్టీరియా అలవాటు పడిపోదు, అదే దీని గొప్ప. 10% కొనాలని ఎగబడకండి, ఎర్ర మొటిమల మీద 2.5% కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. రంగు తువ్వాళ్ళు, దిండు గలీబులు మాత్రం జాగ్రత్త, తగిలిన చోటల్లా రంగు పోతుంది. ట్రెటినాయిన్ అనే ఇంకో రెటినాయిడ్ పాత క్రీములు బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిస్తే, వెలుతురు తగిలినా కూడా, పాడైపోయేవి, అడాపలీన్‌కి ఆ గొడవ లేదు.

సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌ల సంగతా, బ్లాక్‌హెడ్స్‌కి పర్లేదు, కానీ నిమిషంలో కడిగేసే దాని మీద మరీ ఆశలు పెట్టుకోకండి.

ఇంకోటి, డాక్టర్ చీటీ మీద ఇచ్చేదే గట్టి మందు, చీటీ లేకుండా దొరికేది ఉత్తుత్తి మందు అనే అభిప్రాయం ఒకటుంది. ఈ అడాపలీన్ 0.1% నే చూడండి, అమెరికాలో 1996 నుంచి చీటీ మీదే ఇచ్చి 2016లో చీటీ అక్కర్లేదన్నారు, జెల్ మాత్రం అదే. చాలా చోట్ల ఇప్పటికీ చీటీ కావాలి. చీటీ అడిగేది ఎక్కువగా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన మందులకి. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది, అందుకే బెంజాయిల్ పెరాక్సైడ్ జోడించి ఇస్తారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర కూడా మామూలుగా మూడు నాలుగు నెలలకి మించి ఇవ్వరు, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు, గొంతు కింద గొట్టంలో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

ఐసోట్రెటినాయిన్, అంటే నోటితో వేసుకునే రెటినాయిడ్, వేరే లెవెల్. జిడ్డు గ్రంథులనే కుదించేస్తుంది, వేరే వాటికి లొంగని గడ్డల్లాంటి మొటిమలకి, మచ్చలు పడుతున్న వాళ్ళకి ఇదే దిక్కు, చాలామందికి ఒక కోర్సుతో ఏళ్ళ తరబడి రావు. కానీ పెదాలు ఎండి పగులుతాయి, లివర్, కొవ్వు టెస్టులు చేయించుకోవాలి, కడుపులో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తుంది కాబట్టి గర్భం విషయంలో రూల్స్ చాలా కఠినం. ఫ్రెండ్ దగ్గర మిగిలిన మాత్రలు వేసుకునే రకం కాదిది. అడాపలీన్ జెల్ కూడా గర్భంతో ఉన్నప్పుడు వద్దనే అంటారు, అలాంటప్పుడు అజెలాయిక్ యాసిడ్ అనే పూత మందు గురించి డాక్టర్‌ని అడగండి.

మొహం తెల్లబడుతుందని రాసుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం వద్దే వద్దు, రెండు రోజులు నున్నగా కనపడి తర్వాత అవే మొటిమలు తెస్తాయి, చర్మం పల్చబడిపోతుంది.

ఈ జెల్ మళ్ళీ కొన్నాను, మొహం క్లియర్ అయ్యాక ఆపేస్తే తిరిగొస్తాయి కాబట్టి. మొటిమ పోయాక మిగిలే నల్లమచ్చలు మెల్లగా తేలికపడుతున్నాయి. గుంటలు పడ్డవాళ్ళు మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి, వాటికి లేజర్, సన్న సూదులతో చేసే నీడ్లింగ్ లాంటివి స్కిన్ డాక్టర్ దగ్గరే.