80 డాలర్ల పార్క్ పాస్: గేటు దాటిస్తుంది, కొండ ఎక్కించదు

కొలరాడోలో రాకీ మౌంటెన్, వయోమింగ్‌లో గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్, ఆపైన మోంటానాలో గ్లేషియర్: నాలుగూ నేషనల్ పార్కులే. వేసవిలో ఈ రూటు పట్టేవాళ్లు, నేషనల్ పార్కులన్నిటికీ కలిపి పనికొచ్చే "అమెరికా ద బ్యూటిఫుల్" వార్షిక పాస్ కొనాలా అంటే, కొనాలి. కాకపోతే అది ఎంట్రీ ఫీజు, కొన్ని చోట్ల రోజువారీ వాడకం ఫీజు తప్ప ఇంకేమీ చూసుకోదు. ఈ ముక్క తెలియకపోతే పాస్ జేబులో పెట్టుకుని కూడా వెనక్కి తిరగాల్సి వస్తుంది.

ముందు డబ్బు సంగతి. ఈ నాలుగు పార్కుల్లోనూ వేసవిలో కారుకి 7 రోజుల ఎంట్రీ 35 డాలర్లు. రెండు పార్కులే చూస్తే 70, పాస్ దండగ. మూడోది కలిస్తే 105, నాలుగూ చూస్తే 140. అమెరికాలో ఉండేవాళ్లకి పాస్ 80. టీటన్, ఎల్లోస్టోన్ దాదాపు పక్కపక్కనే ఉన్నా టికెట్లు మాత్రం వేర్వేరు. షికాగో వైపు నుంచి వచ్చేవాళ్లకి దారిలో బ్యాడ్‌ల్యాండ్స్ (30), డెవిల్స్ టవర్ (25) కూడా ఈ పాస్‌లోనే వచ్చేస్తాయి. మౌంట్ రష్‌మోర్‌లో ఎంట్రీ ఫీజు అంటూ లేదు గానీ పార్కింగ్‌కి కట్టాలి, అక్కడ పాస్ చెల్లదు. పక్కనే ఉన్న కస్టర్ స్టేట్ పార్కులోనూ చెల్లదు. స్టేట్ పార్కుల లెక్కే వేరు.

గడువులో ఒక చిన్న కిటుకు ఉంది. కొన్న నెల ఏదైతే, మరుసటి ఏడాది అదే నెల చివరి రోజు దాకా పాస్ నడుస్తుంది. జూలై 1న కొంటే వచ్చే జూలై 31 వరకు, అంటే రెండు వేసవి ట్రిప్పులకి ఒకటే పాస్. జూన్ 29న కొంటే ఆ రెండో జూలై పోయినట్టే.

ఇంట్లో నాలుగో తరగతి పిల్లలుంటే అసలు ఏదీ కొనక్కర్లేదు. "ఎవ్రీ కిడ్ ఔట్‌డోర్స్" సైట్‌లో వాళ్ల పేరు మీద ఉచిత పాస్ దొరుకుతుంది, కారులో ఉన్న కుటుంబమంతా దాంతోనే వెళ్లొచ్చు. ఆగస్టు 31 దాకా చెల్లుతుంది కాబట్టి నాలుగో తరగతి అయిపోయిన తర్వాతి సెలవులకీ పనికొస్తుంది. 62 దాటిన సిటిజన్లకీ గ్రీన్ కార్డు వాళ్లకీ సీనియర్ పాస్ ఏడాదికి 20, జీవితాంతానికి 80.

విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి వార్షిక పాస్ 250 డాలర్లు. ఆ పాస్ లేకపోతే 11 పెద్ద పార్కుల్లో మామూలు ఎంట్రీ ఫీజు మీద మనిషికి మరో 100 అదనం. పైన చెప్పిన నాలుగు పార్కులూ ఆ 11లోనే ఉన్నాయి. బయల్దేరే ముందు ఒక్కో పార్కు ఫీజుల పేజీ చదివి, కారులో ఎవరెవరు కూర్చుంటున్నారో రాసుకుని లెక్క చూసుకోండి.

ఫోన్‌లో ఉండే పాసా, ప్లాస్టిక్ కార్డా? రిక్రియేషన్ డాట్ గవ్‌లో కొంటే ఫోన్‌లోకి వెంటనే వచ్చేస్తుంది. సిగ్నల్ ఉన్న ఊళ్లోనే దాన్ని దించుకుని పెట్టుకోండి, చాలా గేట్ల దగ్గర నెట్ రాదు. అయినా మా ఓటు కార్డుకే. ఈ పాస్ చెల్లే ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల ట్రెయిల్‌హెడ్ల దగ్గర, అంటే నడక దారి మొదలయ్యే చోట్ల, మనుషులుండరు, పాస్ కారు అద్దంలోంచి బయటికి కనపడాలి. ఫోన్ మీతో పాటు కొండెక్కేస్తే కారులో ఏం కనపడుతుంది? అయితే కార్డు పోతే మళ్లీ ఇవ్వరు, కొత్తది కొనాల్సిందే. ఏది తీసుకున్నా గేటులో ఫొటో ఐడీ అడుగుతారు. పాస్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి కారులో ఉండాలి.

ఇక అసలు తలనొప్పి రిజర్వేషన్లు. పాస్ ఉంటే రిజర్వేషన్ అక్కర్లేదనుకుని చాలామంది గేటు దాకా వచ్చేస్తారు. రాకీ మౌంటెన్‌లో సీజన్లో టైమ్డ్ ఎంట్రీ, అంటే ఫలానా టైముకి లోపలికి వెళ్లే స్లాట్, బుక్ చేసుకోవాలి, దాని ఫీజు 2 డాలర్లు, పాస్ ఉన్నా కట్టాలి. 2025లో బేర్ లేక్ రోడ్డుకి ఉదయం 5 నుంచి సాయంత్రం 6 వరకు, మిగతా పార్కుకి 9 నుంచి 2 వరకు అది తప్పనిసరి. బుక్ చేసేటప్పుడు రెండు రకాలు కనపడతాయి. బేర్ లేక్ లేనిది తీసుకుని బేర్ లేక్‌కి వెళ్తే వెనక్కి పంపేస్తారు. నెల ముందు ఒకటో తారీఖున ఉదయం 8కి, మౌంటెన్ టైమ్ ప్రకారం, స్లాట్లు తెరిచేవారు. దొరకనివాళ్ల కోసం కొన్ని స్లాట్లు ముందురోజు రాత్రి 7కి వదిలేవారు. గ్లేషియర్ రూల్ ఏటా మారుతుంటుంది, పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోవద్దు.

రెండో దెబ్బ బండి సైజు. గ్లేషియర్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ వరకు బంపర్లతో కలిపి 21 అడుగులు దాటిన బండినీ, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన దాన్నీ రానివ్వరు. రెండు కుటుంబాలు కలిసి అద్దెకి తీసుకునే 15 సీట్ల ఫోర్డ్ ట్రాన్సిట్ పొడుగు మోడల్ దగ్గర దగ్గర 22 అడుగులు. అంటే 6,646 అడుగుల ఎత్తున్న లోగన్ పాస్ అనే కనుమ దాకా అందులో పోలేరు. ఒక్క వ్యాను బదులు రెండు మినీవ్యాన్లు తీసుకోవడమే మేలు.

నెల కూడా చూసుకోవాలి. ఈ సన్ రోడ్డు పూర్తిగా తెరిచేసరికి సాధారణంగా జూన్ ఆఖరు, ఒక్కోసారి జూలై. 12,183 అడుగుల దాకా ఎక్కే రాకీ మౌంటెన్ ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మే చివర్లో తెరుస్తారు. మే ఆఖర్లో వచ్చే మెమోరియల్ డే సెలవుల్లో నాలుగు పార్కులూ కొట్టేద్దామనుకుంటే గ్లేషియర్‌లో సగం దారిలో గేటు మూసే ఉంటుంది. జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా నాలుగింటికీ కుదురుతుంది.

టీటన్‌లో ఒక వెసులుబాటు. జాక్సన్ నుంచి మోరన్ దాకా హైవే మీద ఫీజు గేటు లేదు, స్నేక్ రివర్ ఓవర్‌లుక్ అనే వ్యూపాయింట్ ఆ దారిలోనే ఉంది. కొండల్ని దూరం నుంచి చూసి పోయేవాళ్లకి అక్కడ పాస్ అక్కర్లేదు. మోరన్ నుంచి ఉత్తరానికి ఎల్లోస్టోన్ వైపు తిరిగితే మాత్రం గేటు వస్తుంది.

క్యాంప్‌సైట్, బ్యాక్‌కంట్రీ (రోడ్లు లేని లోపలి అడవి) పర్మిట్, పడవ టూర్ వేటికీ ఈ పాస్ పనికిరాదు. ఎల్లోస్టోన్ లోపల పెట్రోల్ బంకులున్నాయి గానీ రాకీ మౌంటెన్‌లోనూ గ్లేషియర్‌లోనూ లేవు. బయట ఉన్న ఎస్టెస్ పార్క్ ఊళ్లో, సెయింట్ మేరీ ఊళ్లో ట్యాంకు నింపుకునే లోపలికి వెళ్లండి.