మార్ష్‌మాలో ప్యాకెట్: వంటకి 4 స్టార్లు, ఊరికే తినడానికి 2 స్టార్లు

నెల క్రితం ఒక పెద్ద మార్ష్‌మాలో (స్పాంజిలా మెత్తగా ఉండే మిఠాయి) ప్యాకెట్ కొన్నాను, నిన్నటితో అయిపోయింది. ముందు నాకు నచ్చనిది చెప్తాను. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో "కొవ్వు లేదు" అని రాశారు. నిజమే, కానీ అది చూసి ఇదేదో తేలికపాటి తిండి అనుకుని పిల్లల చేతికి ప్యాకెట్ మొత్తం ఇచ్చేవాళ్లు ఉంటారు కదా, అదే నా బాధ. వెనక్కి తిప్పితే చక్కెర, కార్న్ సిరప్, జెలటిన్, దాదాపు అంతే. 100 గ్రాములకి 320 కేలరీల దాకా ఉంటాయి, అందులో 80 గ్రాములు పిండిపదార్థమే, ప్రొటీన్ 2 గ్రాములు కూడా ఉండదు, పీచు లేనట్టే. ఒక్కోటి సుమారు 7 గ్రాములు, అంటే 23 కేలరీలు. ఒకటీ రెండూ అయితే పర్లేదు, కానీ లోపల చాలా వరకు గాలే కాబట్టి పది తిన్నా తిన్నట్టు అనిపించదు. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఇంకోటి, జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. శాకాహారులు ఆ చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌తో చేసినవీ ఉన్నాయి, కానీ జెలటిన్ ఒంటి వేడికే కరుగుతుంది, అగర్ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి, అందుకే వాటికి నోట్లో కరిగిపోయే ఆ గుణం రాదు.

వంటలో మాత్రం నాకు బాగా నచ్చేశాయి. వేడి చాక్లెట్ పాలలో రెండు వేస్తే పైన నురగలా పరుచుకుంటాయి, ఇక విడిగా చక్కెర అక్కర్లేదు. పుల్లకి గుచ్చి కాల్చేటప్పుడు మంటలో పెట్టకండి, నిప్పుల పక్కన మెల్లగా తిప్పండి, పైన బంగారు రంగు పెంకు కట్టి లోపల జిగురుగా అవుతుంది, ఆ రుచే వేరు. అన్నిటికంటే బాగా కుదిరింది వెన్నతో సన్నటి సెగ మీద కరిగించి మరమరాల్లాంటి రైస్ సీరియల్ కలిపి ముక్కలు కోసింది. మంట పెంచితే మాత్రం ముక్కలు రాళ్లలా గట్టిపడతాయి, మొదటిసారి నాకు అలాగే అయింది.

ప్యాకెట్ తెరిచాక గాలి తగలని డబ్బాలో పెట్టండి. ఎండిపోయి గట్టిపడితే ఒక బ్రెడ్ ముక్క వేసి రాత్రంతా ఉంచండి, మెత్తబడతాయి. నాలుగేళ్ల లోపు పిల్లలకి మాత్రం ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.