డాక్టరు మాట నమ్మేయడమా, ఇంకొకరికి చూపించడమా: ఏది మేలు?

మా బావకి డాక్టర్లంటే నమ్మకం లేదు. మూడేళ్ల కిందట బీపీ ఉందని తేలి, రోజుకో మాత్ర చొప్పున జీవితాంతం వేసుకోమంటే, "ఇదంతా మందుల కంపెనీల బిజినెస్" అని నాలుగు నెలలకే ఆపేశాడు. అదే మనిషి మొన్న మా అప్పని (మా వైపు అక్కని అప్ప అంటాం) నెలసరి మరీ ఎక్కువవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ స్కాన్ తీసి మూడు సెంటీమీటర్ల గడ్డ ఉంది, గర్భసంచి తీసేయాలి, వదిలేస్తే క్యాన్సరైనా అవ్వొచ్చు అన్నారట. అంతే, మారు మాట్లాడకుండా 60 వేలకి ఒప్పుకుని, మర్నాడు పొద్దున్నే అడ్మిట్ చేస్తామని చెప్పి వచ్చేశాడు. రెండు మూడు రూపాయల మాత్రని నమ్మనివాడు అవయవం కోసేస్తామంటే నమ్మేశాడు!

నవ్వొచ్చింది గానీ, మా విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా నాకు తెలిసిన ఇళ్లలో సగం ఇంతే. నమ్మాల్సిన చోట అనుమానం, అనుమానించాల్సిన చోట గుడ్డి నమ్మకం. అందుకే డాక్టర్లని నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే తప్పనిపిస్తుంది నాకు. ఏ మాటని నమ్మాలి, ఎప్పుడు నమ్మాలి, అదీ చూడాల్సింది.

ఇంకో మాట లేకుండా నమ్మేయడం మేలయ్యే సందర్భం ఒకటుంది, అత్యవసరం. గుండె పట్టేసినట్టుంది, చెమటలు పడుతున్నాయి, ఎడమ చెయ్యి లాగుతోంది అంటే మనవాళ్లు ముందు చేసే పని సోడా తాగించడం, "గ్యాసే అయ్యుంటుంది" అనడం. ఈసీజీ తీసి గుండెపోటు అన్నాక కూడా "మా బాబాయి కొడుకు హైదరాబాదులో డాక్టరు, వాడికి వాట్సాప్‌లో పంపి అడుగుతాం" అని కూర్చుంటే ఆ అరగంటలో చచ్చిపోయే గుండె కండరం మళ్లీ రాదు. మూతి వంకర పోయి మాట తడబడినా అంతే, అది పక్షవాతం కావచ్చు, మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ ముందు స్కాన్ అయ్యాక. అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది చెయ్యడమే.

ఇక రోజూ వేసుకునే మాత్రల సంగతి. బీపీతో వచ్చిన చిక్కేంటంటే బయటికి ఏమీ తెలియదు. తలనొప్పి లేదు కదా, కళ్లు తిరగట్లేదు కదా, మందెందుకు అంటారు. మా బావ కూడా అదే అన్నాడు, గత నెలలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బండి మీద ఉండగా కుడిచెయ్యి పట్టు తప్పి, పది నిమిషాలు మాట రాక, మళ్లీ మామూలైపోయేదాకా. అది పక్షవాతానికి ముందు హెచ్చరిక అన్నారు. తర్వాత అడిగితే అసలు సంగతి చెప్పాడు. ఆ మాత్ర వేసుకుంటే పాదాలు వాచేవట, అందుకే మానేశాడట. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందుతో కొంతమందికి అలా వాస్తుంది, వేరే మందు ఉంటుంది, ఆ ముక్క డాక్టరుకి చెప్తే ఐదు నిమిషాల్లో మార్చేవారు. కంపెనీల బిజినెస్ అన్నది పైకి చెప్పిన మాట, అసలైతే అడగడానికి మొహమాటం.

ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్లకి మాత్రం నేను రెండో అభిప్రాయం వైపే. గర్భసంచి సంగతే చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అది తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద దాదాపు 3 శాతం, మన ఆంధ్రలో దాదాపు 9 శాతం. మనవాళ్ల గర్భసంచులే అంత పాడైపోయాయా? అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకి ఆదేశాలిచ్చింది. స్టెంట్లు, అంటే మూసుకుపోతున్న గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టాలు, కూడా అంతే. గుండెపోటు నడుస్తుండగా వేసిన స్టెంటు ప్రాణం నిలబెడుతుంది. నడిస్తే గుండెనొప్పి, ఆగితే తగ్గుతుంది అనే నిలకడగా ఉండే రకంలో చాలామందికి మందుల కంటే స్టెంటు ఎక్కువ ఆయుష్షు ఇవ్వదని పెద్ద పరిశోధనల్లోనే తేలింది. కానీ "ఎనభై శాతం బ్లాక్" అన్న మాట చెవిన పడ్డాక ఎవరు ఆగుతారు చెప్పండి, పైగా ప్రభుత్వ ఆరోగ్య కార్డుంది కదా, మన జేబులోంచి పోయేది లేదు కదా అన్న ధైర్యం ఒకటి.

మరి రెండోసారి ఎవరికి చూపించాలి? ఆపరేషన్ చేస్తే తనకి పైసా ఎక్కువ రాని వాళ్లకి అని నా లెక్క. అప్పని అడ్మిట్ చెయ్యడం ఆపి, మేం విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ హాస్పిటల్) వెళ్లాం. 1923 నుంచీ ఉన్న ఆసుపత్రి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా కోరాపుట్ నుంచి కూడా జనం వచ్చే చోటు, ఓపీ చీటీ కోసమే పొద్దున పోతుంది, డాక్టరమ్మ మొహం ఎత్తి చూసేసరికి మధ్యాహ్నం. ప్రైవేటులో ఏసీ గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్తారు, ఇక్కడ రెండు నిమిషాలు. కానీ ఆ రెండు నిమిషాల్లో చెప్పింది ఇది: ఇలాంటి గడ్డ క్యాన్సరవడం చాలా అరుదు, నెలసరి ఆగాక మామూలుగా కుంచించుకుపోతుంది, ముందు గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపుదాం, రక్తం తక్కువుంది, ఐరన్ మాత్రలు వాడండి. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఒకటే టెన్షన్, అప్ప సరిగ్గా నిద్రే పోలేదు. చివరికి ఏమీ లేదన్నారు.

మొదటి ఆసుపత్రిలో రిపోర్టుల కాపీలు అడిగితే "మా మీద నమ్మకం లేదా?" అన్నారు. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమావళిలోనే ఉంది, ఆ మాట అన్నాక ఇచ్చారు. నాకైతే "ఇంకొకరికి చూపించుకోండి, తొందరేం లేదు" అనే డాక్టరు మీదే నమ్మకం పెరుగుతుంది.

మూడో దారి కూడా ఉందనుకోండి, సందు చివరి ఆర్ఎంపీ, మందుల షాపు కుర్రాడు, గూగుల్. రాత్రి పదకొండింటికి కూడా ఇంటికొచ్చి "ఏటమ్మా, ఏటయింది?" అని అడుగుతాడు కాబట్టే ఆర్ఎంపీ అంటే అభిమానం, అది నాకు అర్థమవుతుంది, కానీ ప్రతి జ్వరానికీ ఒక సూది, రెండు రోజులకి సరిపడా యాంటీబయాటిక్ ఇచ్చి పంపేవాడిని దీంట్లో లెక్కెయ్యను.

బావ ఇప్పుడు వేరే మాత్ర వేసుకుంటున్నాడు, పాదాలు వాయట్లేదు. మొన్న ఆదివారం అడిగాడు, "మీ అప్పకి చూపించినట్టే నా బీపీని కూడా ఇంకొకరికి చూపిద్దామేటి?" అని. చూపించు బావా, ఆ రెండో డాక్టరు చూసి చెప్పేదాకా మాత్రం మాత్ర ఆపకు అన్నాను.