మారిషస్‌లో ఎక్కడ దిగాలి? మూడేళ్లుగా తిరుగుతూ తెలుసుకున్నవి

మారిషస్‌లోని ఎబెన్‌లో ఉద్యోగానికి వచ్చి మూడేళ్లు దాటింది. కాకినాడ నుంచి చుట్టాలు, స్నేహితులు ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట: "మారిషస్ వద్దామనుకుంటున్నాం, మంచి రిసార్టు చెప్పు." మన పాస్‌పోర్టుకు ముందుగా వీసా అక్కర్లేదు కాబట్టి రావడం తేలికే. వచ్చాక ఎక్కడ ఉండాలన్నదే పెద్ద ప్రశ్న. రిసార్టులో ఒకటి రెండు రాత్రులు చాలు, మిగతా రోజులు అద్దె ఇళ్లలో ఉండండి, ఇంకో మూడు రోజులు దొరికితే రోడ్రిగ్స్ ద్వీపానికి వెళ్లండి అని అందరికీ చెబుతున్నాను. ఎందుకంటున్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి ఏడు జూలైలో అమ్మ వచ్చింది. తూర్పు తీరంలో పేరున్న రిసార్టులో నాలుగు రాత్రులు తీసుకున్నాను. జూలై ఇక్కడ చలికాలమనీ, ఆగ్నేయం నుంచి వీచే గాలి తూర్పు తీరాన్నే సూటిగా కొడుతుందనీ అప్పటికి నాకు తెలియదు. ఒడ్డున కుర్చీ వేసుకుంటే కళ్లలో ఇసుక. అమ్మ శాలువా కప్పుకుని గదిలోనే ఉండిపోయింది. ఫోన్‌లో అడిగితే శాకాహారం ఉందన్నారు. తీరా చూస్తే నాలుగు పూటలూ అదే పాస్తా, అవే ఉడికించిన కూరగాయలు. పనిచేసేవాళ్లు ఎంతో మర్యాదగా చూసుకున్నారు, వాళ్లను ఏమీ అనలేను. కానీ పెట్టిన డబ్బుకు అమ్మ తిన్నది పెరుగూ అన్నమూ మాత్రమే.

కాబట్టి మే నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్లు పడమటి తీరంలో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపో, ఉత్తరాన గ్రాండ్ బే వైపో దిగండి. బెల్ మార్ లాంటి తూర్పు తీరాలు నవంబరు, డిసెంబరుల్లో హాయిగా ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం ఉంటుంది. తుపాను హెచ్చరిక మూడో స్థాయికి చేరితే దుకాణాలూ బస్సులూ ఆగిపోతాయి. అయిదు రోజుల సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లకు అది పెద్ద దెబ్బే.

ఇంకో సంగతి, ఇక్కడి తీరాలు అందరివీ. రిసార్టు ముందు ఇసుకలో నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆదివారం సరుగుడు చెట్ల కింద ఇంటిల్లిపాదీ గిన్నెలతో బిర్యానీ తెచ్చుకుని, డోలక్ కొట్టుకుంటూ కూర్చుంటారు. ద్వీపం మనుషుల్ని చూడాలంటే అక్కడికి వెళ్లాలి.

నాకు బాగా నచ్చిన ఊరు మాహేబూర్. విమానాశ్రయానికి దగ్గర, బ్లూ బే పక్కనే, అద్దె కూడా అందుబాటులో ఉంటుంది. మేం దిగిన ఇంట్లో పై అంతస్తులో రెండు గదులు, కింద ఇంటివాళ్లు. ఉదయం టీతో పాటు వేడి వేడి గాతో పిమాఁ పెట్టారు. కొరికిన వెంటనే అమ్మ, "ఇది మన మసాలా వడే కదరా!" అంది. సోమవారం సంతలో ధోల్ పూరీ తింటూ, "బెల్లం వేయని బొబ్బట్టు" అని తేల్చేసింది. నిజమే, శనగపప్పు పొడి కూరి పల్చగా కాల్చిన రొట్టె అది. రెండేసి ఇస్తారు, మధ్యలో కూరా పచ్చడీ పెట్టి. ఇక్కడ మునగాకును బ్రేద్ మురూమ్ అంటారు, కరివేపాకును కరిపులే అంటారు. రెండూ మన దక్షిణాది నుంచి ఓడల్లో వచ్చిన మాటలే.

2020లో వకాషియో ఓడ పగడపు దిబ్బకెక్కి ఇంధన నూనె కారినప్పుడు దెబ్బతిన్నది ఈ తీరమే. ఊరి జనం ఎండు చెరకాకు గుడ్డల్లో కూరి నీళ్ల మీద కట్టలు కట్టారు. ఎదురుగా ఉన్న ఇలోజెగ్రెట్ అనే చిన్న లంకలో పాత ఎబొనీ చెట్ల అడవినీ, గులాబిరంగు పావురాలనీ కాపాడుతున్నారు. గైడుతోనే వెళ్లాలి, టికెట్ ఖరీదు అనిపించినా ఆ డబ్బు ఆ అడవికే పోతుంది. షామరెల్ ఏడు రంగుల నేలకన్నా నాకు ఇదే నచ్చింది. ఆ రంగుల నేల ఫొటోల్లో కనిపించినంత పెద్దది కాదు, అరగంట చాలు. తమరాఁ దగ్గర డాల్ఫిన్ పడవలెక్కకండి. ఒక్క గుంపు వెనక పది పడవలు తరుముతుంటే చూడలేకపోయాను.

రవాణా గురించి ఒక్క మాట. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పిప్ దాకా మెట్రో ఉంది, శుభ్రంగా నడుస్తుంది. మిగతా చోట్లకు బస్సులు చవక, కానీ సాయంత్రం త్వరగా ఆగిపోతాయి. టాక్సీవాళ్లతో ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ వచ్చింది గానీ, దాన్నే నమ్ముకోవద్దు, చేతిలో నోట్లు ఉంచుకోండి.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కు తప్పకుండా వెళ్లండి. గంట సమయం చాలు. 1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి దాదాపు అయిదు లక్షల మంది కూలీలు ఈ రేవులోకి వచ్చారు. ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు పదహారు, ఇంకా ఉన్నాయి. అమ్మ పుట్టింది తాళ్లరేవు దగ్గర. పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లకు ఇక్కడ కోరంగీలన్న పేరు వచ్చింది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతిన్న కథ అమ్మకు వాళ్ల తాతగారు చెప్పేవారట. ఆ మెట్ల దగ్గర అమ్మ చెప్పులు విడిచి నిలబడింది. నేనేమీ మాట్లాడలేదు.

ఆ శనివారం ఇక్కడి తెలుగువాళ్ల మందిరంలో రామభజనకు వెళ్లాం. ఉగాదికి ఈ దేశంలో సెలవు ఇస్తారు, బడుల్లో తెలుగు చెబుతారు, అమ్మోరు పండగా సింహాద్రి అప్పన్న పూజా చేస్తారు. అయినా ఇళ్లలో మాట ఇక్కడి క్రియోల్ భాషే. ఒక ముసలావిడ భజన పాటంతా తెలుగులో పాడి, తర్వాత అమ్మతో రెండు ముక్కలకు మించి మాట్లాడలేకపోయింది. "అమ్మా, అన్నం తిను" అని మాత్రం స్పష్టంగా అంది. మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసవచ్చినవాళ్ల రికార్డులున్నాయి. వాటిలో వాళ్ల ముత్తాత ఊరు వెతుకుతున్నామని ఆవిడ మనవడు చెప్పాడు. కోస్తా జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ఇలాంటి మందిరానికి ఒక్క పూట కేటాయిస్తే ఇక్కడివాళ్లకెంత సంతోషమో, నేను కళ్లారా చూశాను.

ఇక రోడ్రిగ్స్. మారిషస్‌కు తూర్పున 560 కిలోమీటర్లు, చిన్న విమానంలో గంటన్నర. 108 చదరపు కిలోమీటర్ల ద్వీపం, చుట్టూ దానికి రెట్టింపు లాగూన్, అంటే పగడపు దిబ్బల లోపలి లోతు తక్కువ నీళ్లు. పెద్ద రిసార్టులు లేవనే చెప్పాలి. ఇంట్లో గది, రాత్రి భోజనం వాళ్లతోనే. లోపం ముందే చెబుతున్నాను: నీటికి కటకట. ట్యాంకులో ఉన్న నీళ్లే సర్దుకోవాలి, మాకు స్నానానికి ఒక్క బక్కెట్ ఇచ్చారు. అది ఇబ్బంది అనుకునేవాళ్లు రాకపోవడమే మంచిది.

పోటు తగ్గినప్పుడు ఆడవాళ్లు బూట్లు వేసుకుని, చేత బరిసె పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఆక్టోపస్‌లు పడతారు. అవి పెరగాలని 2012 నుంచి ఏటా రెండు నెలలు వేట ఆపేస్తున్నారు. ఒడ్డున కర్రల మీద బట్టల్లా ఆరేస్తారు. అమ్మ అటువైపు చూడలేదు గానీ, ఇంటావిడ వంటగదిలో ఉన్న రాయిని చూసి ఆగిపోయింది. రోస్ కరీ అంటారు దాన్ని. అచ్చం మన సన్నికల్లు, పైన పొత్రం. ఇంటావిడకు తెలుగు రాదు, అమ్మకు క్రియోల్ రాదు. అమ్మ చీర కొంగు బిగించి కూర్చుని, టొమాటోలు, కొత్తిమీర, అక్కడి చిట్టి మిరపకాయలు వేసి నూరింది. ఇంటావిడ వేలితో నాకి "సాతినీ!" అని నవ్వింది. ఆ రాత్రి మొక్కజొన్న నూకా, ఎర్ర చిక్కుడు గింజలూ, ఆ పచ్చడీ. నాలుగు నక్షత్రాల బఫేలో తినని అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

రోడ్రిగ్స్ ముఖ్య పట్టణం పోర్ట్ మాథురిన్‌లో శనివారం సంత తెల్లవారకముందే మొదలవుతుంది, ఎండ ముదిరేసరికి బల్లలు ఖాళీ. మేం ఆరింటికి వెళ్లాం. నిమ్మకాయ పచ్చడి, మిరపకాయ పచ్చడి, తేనె సీసాలు వరసగా పెట్టారు. అమ్మ ఒక్కొక్కటీ మూత తీయించి వాసన చూసి, మిరపకాయది మూడు సీసాలు తీసుకుంది. వాటిని చీరల మధ్య చుట్టి పెట్టెలో సర్దింది, కాకినాడ చేరేదాకా ఒక్కటీ పగల్లేదు.